గ్రాఫ్ చూసి సరళరేఖ సమీకరణం రాయడం ఎలా? పూర్తి పద్ధతి

"సూత్రం కంఠతా వచ్చు. రెండు బిందువులు చేతికిస్తే సమీకరణం రాసేస్తాను. గ్రాఫ్ ఇస్తే మాత్రం జవాబు తప్పుతోంది." ఈ మాట చాలామంది నుంచి వింటున్నాను. వాళ్లు చేసిన లెక్కలు తీసుకుని చూస్తే తీసివేతలు, భాగహారాలు చాలావరకు సరిగ్గానే ఉంటున్నాయి. తప్పు అంతకంటే ముందే, గ్రాఫ్ నుంచి అంకెలు చదివేటప్పుడే జరిగిపోతోంది. తప్పు బిందువుతో మొదలుపెడితే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్క చేసినా మన ముందున్న గీతకు కాకుండా ఇంకేదో గీతకు సమీకరణం వస్తుంది.

అందుకే ఇక్కడ సూత్రాలకంటే గ్రాఫ్ చదవడానికే ఎక్కువ చోటిచ్చాను. ఆ భాగాలు తెలిసినవేగా అని దాటేయకండి.

అడ్డంగా కొలిచే విలువను ఎక్స్ అని, నిలువుగా కొలిచే విలువను వై అని రాస్తున్నాను. బిందువులో ముందు ఎక్స్ విలువ, తర్వాత వై విలువ వస్తాయి. (3, 5) అంటే మూలబిందువు నుంచి కుడికి 3, పైకి 5. మనం చేరాల్సిన రూపం ఇది:

వై = వాలు × ఎక్స్ + అంతరఖండం

పుస్తకాల్లో వాలుకు ఎం అనే అక్షరం, అంతరఖండానికి సి లేదా బి అనే అక్షరం వాడతారు. అక్షరం ఏదైనా పని ఒకటే. వాలు అంటే ఎక్స్ ఒకటి పెరిగినప్పుడు వై ఎంత మారుతుందో చెప్పే సంఖ్య. అంతరఖండం అంటే గీత నిలువు అక్షాన్ని తాకిన చోట వై విలువ.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

సన్నగా చెక్కిన పెన్సిల్, స్కేలు, చిత్తు కాగితం చాలు. గ్రాఫ్ అచ్చులో ఉంటే స్కేలు పెట్టి గీతను రెండు వైపులా కాగితం అంచు దాకా పొడిగించండి. గీత చిన్నగా కనిపించినప్పుడు దొరకని మంచి బిందువులు పొడిగిస్తే దొరుకుతాయి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటే బొమ్మను పెద్దది చేసి చూడండి. గీత మందంగా ఉంటే దాని అంచును కాకుండా నడిమధ్యను చదవాలి.

2. గీతను వదిలేసి ముందు అక్షాలు చదవండి

ఇదే అసలు మెట్టు. గ్రాఫ్ కనబడగానే చూపు గీత మీదకు పోతుంది. ఆ చూపును కాసేపు ఆపి, ఈ కింది ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయండి.

- అడ్డ అక్షం మీద ఒక గడి విలువ ఎంత?
- నిలువు అక్షం మీద ఒక గడి విలువ ఎంత?
- ఆ రెండూ సమానమేనా?
- రెండు అక్షాలూ సున్నా దగ్గరే కలుస్తున్నాయా?
- అక్షాల పక్కన నిమిషాలు, లీటర్లు, మీటర్లు వంటి ప్రమాణాలు రాసి ఉన్నాయా?

ఒక గడి విలువ కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది. అక్షం మీద అంకెలు వేసిన రెండు గుర్తులు తీసుకోండి. వాటి మధ్య ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టండి. గుర్తుల తేడాను ఖాళీల సంఖ్యతో భాగించండి. 0కి, 20కి మధ్య నాలుగు ఖాళీలుంటే ఒక్కో గడి 5.

లెక్కపెట్టాల్సింది ఖాళీలను, గీతలను కాదు. బయలుదేరిన గీతను "ఒకటి" అని లెక్కపెట్టేస్తే నాలుగు ఖాళీలు ఐదు అవుతాయి, గడి విలువ 5కి బదులు 4 అని వస్తుంది. అక్కడి నుంచి ప్రతి బిందువూ తప్పే. పెన్సిల్ మొన బయలుదేరిన గీత మీద పెట్టి "సున్నా" అనుకుని, పక్క గీతకు జరిగాక "ఒకటి" అనండి. చిన్నపిల్లల లెక్కలా అనిపించినా ఈ అలవాటు చాలా తప్పులను ఆపుతుంది.

3. లెక్కకు ముందే వాలు గుర్తు రాసుకోండి

ఇప్పుడు గీతను చూడండి. ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే, మనం చదివే దిశలోనే.

- కుడికి వెళ్తుంటే పైకి ఎక్కుతోందా? వాలు ధన సంఖ్య.
- కుడికి వెళ్తుంటే కిందికి దిగుతోందా? వాలు రుణ సంఖ్య.
- ఎక్కకుండా, దిగకుండా అడ్డంగా ఉందా? వాలు సున్నా.
- నిట్టనిలువుగా ఉందా? వాలు నిర్వచితం కాదు. నేరుగా 10వ భాగంలోని నిలువు గీత దగ్గరకు వెళ్లండి.

ఈ జవాబును కాగితం మూలన రాసిపెట్టుకోండి. తర్వాత లెక్కలో వచ్చిన గుర్తు దీనితో కలవకపోతే లెక్కే తప్పు. కన్ను ఇక్కడ చాలా అరుదుగా పొరబడుతుంది, తీసివేత గుర్తులు మాత్రం తరచూ తారుమారవుతాయి.

4. బిందువులు ఎంచుకోవడం

గీత మీద అన్ని బిందువులూ సమానమే అయినా, మనం చదవడానికి అన్నీ సమానం కాదు. గ్రాఫ్ కాగితం మీద ఒక అడ్డ గీత, ఒక నిలువు గీత కలిసే చోటును గడి మూల అనుకుందాం. మన సరళరేఖ సరిగ్గా గడి మూలల గుండా పోయే చోట్లు వెతకాలి. అక్కడ ఊహించి చదవాల్సిన పని ఉండదు.

వెతికే తీరు ఇది: గీత ఎడమ చివర మొదలుపెట్టి, ప్రతి నిలువు గీత దగ్గరా ఆగండి. మన రేఖ ఆ నిలువు గీతను ఎక్కడ దాటుతోంది? గడి మూల దగ్గరేనా, గడి మధ్యలోనా? మూల దగ్గరైతే చుక్క పెట్టండి. మధ్యలోనైతే వదిలేసి ముందుకు పోండి. అలా కనీసం మూడు చుక్కలు పెట్టుకోవాలి. రెండు లెక్కకు, ఒకటి చివర్లో సరిచూసుకోవడానికి.

మూడింటిలో ఏ రెండు లెక్కకు వాడాలి? ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్నవి. దగ్గర బిందువుల వల్ల నష్టం ఎంతో చూడండి. ఒక బిందువు వై విలువ చదవడంలో అర యూనిట్ పొరపాటు జరిగిందనుకుందాం. రెండు బిందువుల మధ్య అడ్డ దూరం 2 అయితే వాలులో పొరపాటు 0.5 ÷ 2 = 0.25. అదే అడ్డ దూరం 10 అయితే 0.5 ÷ 10 = 0.05 మాత్రమే. చేసిన తప్పు అదే, నష్టం ఐదో వంతుకు తగ్గింది.

గడి మూలలు స్పష్టంగా ఉన్న గ్రాఫ్‌లో ఈ దూరం వల్ల పెద్ద తేడా రాదు. ప్రయోగశాలలో చేత్తో గీసిన గ్రాఫ్‌లో మాత్రం చాలా తేడా వస్తుంది.

బిందువు రాసేటప్పుడు వరుస తప్పకుండా ఉండటానికి పెన్సిల్‌ను చుక్క నుంచి ముందు అడ్డ అక్షం మీదకు నిలువుగా దించండి, అక్కడి అంకె రాయండి. తర్వాత చుక్క నుంచి నిలువు అక్షం మీదకు అడ్డంగా జరపండి, ఆ అంకె రాయండి. అక్షానికి ఎడమ పక్కనో కిందో ఉన్న బిందువుకు రుణ గుర్తు పెట్టారో లేదో వెంటనే చూడండి.

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణను వెంట తీసుకెళ్దాం. రెండు అక్షాల మీదా ఒక గడి 1. గీత కుడికి పోతూ పైకి ఎక్కుతోంది. గడి మూలల దగ్గర దొరికిన బిందువులు (−2, −1), (2, 5), (4, 8). మొదటిదీ చివరిదీ లెక్కకు వాడి, (2, 5)ను పక్కన పెడదాం.

5. వాలు కట్టడం

వాలు = నిలువు మార్పు ÷ అడ్డ మార్పు

ఎడమ బిందువు నుంచి కుడి బిందువుకు వెళ్తున్నట్టు ఊహించుకోండి. (−2, −1) నుంచి (4, 8)కి.

నిలువు మార్పు = 8 − (−1) = 9

అడ్డ మార్పు = 4 − (−2) = 6

వాలు = 9/6 = 3/2

ఎప్పుడూ ఎడమ బిందువు నుంచి కుడి బిందువుకే వెళ్తే అడ్డ మార్పు ఎప్పుడూ ధన సంఖ్యే. అప్పుడు గుర్తు గురించిన గొడవంతా నిలువు మార్పులోనే ఉంటుంది: ఎక్కితే ధనం, దిగితే రుణం. కుడి నుంచి ఎడమకు తీసినా జవాబు మారదు, కానీ రెండు రుణ గుర్తులను మోయాల్సి వస్తుంది. పని పెంచుకోవడం దేనికి?

రుణ సంఖ్యను తీసివేసేటప్పుడు బ్రాకెట్ తప్పకుండా పెట్టండి. 8 − (−1) అని రాస్తే 9 వస్తుంది. బ్రాకెట్ లేకుండా తొందరలో 8 − 1 అని రాసి 7 తెచ్చుకునేవాళ్లు చాలామంది.

భిన్నం వచ్చిందని టెన్షన్ పడొద్దు, దాన్ని దశాంశంలోకి మార్చాల్సిన అవసరమూ లేదు. 3/2ను 1.5 అనొచ్చు, ఇబ్బంది లేదు. కానీ 5/3ను 1.67 అని రాస్తే అది అసలు విలువ కాదు, దగ్గరి విలువ. సమీకరణం కచ్చితంగా ఉండాలంటే భిన్నాన్ని భిన్నంగానే ఉంచండి.

ఇప్పుడు మూలన రాసుకున్న గుర్తు చూడండి. గీత ఎక్కుతోంది, వాలు ధన సంఖ్య. కలిసింది.

6. అంతరఖండం: చూసి రాయడమా, కట్టడమా?

గీత నిలువు అక్షాన్ని గడి మూల దగ్గరే దాటితే, అక్కడి అంకె చూసి రాసేయండి. మన ఉదాహరణలో గీత 2 దగ్గర దాటుతోంది. కాబట్టి అంతరఖండం 2.

గడి మధ్యలో దాటితే మాత్రం చూసి రాయొద్దు. ఈ ఒక్క మాట పాటిస్తే సగం తప్పులు పోతాయని నా నమ్మకం. దీనికి ఒక ఉదాహరణ చెప్పాలి.

ఒక గీత (1, 4), (4, −1) గుండా కిందికి దిగుతోంది. నిలువు అక్షాన్ని 5కి, 6కి మధ్య ఎక్కడో దాటుతోంది. కంటికి అయిదున్నరలా కనిపిస్తుంది, అందుకే చాలామంది 5.5 అని రాస్తారు. లెక్క కడదాం.

వాలు = (−1 − 4) ÷ (4 − 1) = −5/3

వై = −(5/3)ఎక్స్ + అంతరఖండం. ఇందులో (1, 4)ను ప్రతిక్షేపిస్తే:

4 = −5/3 + అంతరఖండం

అంతరఖండం = 4 + 5/3 = 17/3

అంటే 5.67కు దగ్గర. 5.5 రాసినవాళ్ల సమీకరణంలో (1, 4)ను పెట్టి చూస్తే 4కి బదులు 3.83 వస్తుంది. గీత తన మీదున్న బిందువు గుండానే పోవడం లేదన్నమాట.

ప్రతిక్షేపించడానికి రెండు బిందువుల్లో చిన్న అంకెలున్నదాన్ని, వీలైతే రుణ గుర్తు లేనిదాన్ని ఎంచుకోండి. ఏది పెట్టినా అదే అంతరఖండం రావాలి.

7. సమీకరణం రాయడం

మొదటి ఉదాహరణకు: వై = (3/2)ఎక్స్ + 2

రెండో ఉదాహరణకు: వై = −(5/3)ఎక్స్ + 17/3

ఇది వాలు-అంతరఖండ రూపం. ప్రశ్నలో సాధారణ రూపం అడిగితే హారంతో మొత్తం సమీకరణాన్ని గుణించి, పదాలన్నీ ఒకవైపు తేవాలి. మొదటి దాన్ని 2తో గుణిస్తే:

2వై = 3ఎక్స్ + 4

3ఎక్స్ − 2వై + 4 = 0

గుణించేటప్పుడు ప్రతి పదాన్నీ గుణించాలి. చివర ఉన్న 2ను మరిచిపోయి 2వై = 3ఎక్స్ + 2 అని రాస్తే, వాలు అదే అయినా కిందికి జరిగిన వేరే సమాంతర రేఖ వస్తుంది.

అంతరఖండం విడిగా కట్టడం ఇష్టం లేకపోతే వాలు-బిందు రూపం వాడండి. వై నుంచి బిందువు వై విలువ తీసేస్తే, అది వాలు × (ఎక్స్ నుంచి బిందువు ఎక్స్ విలువ తీసేసినది)కు సమానం. రెండో ఉదాహరణలో:

వై − 4 = −(5/3)(ఎక్స్ − 1)

3వై − 12 = −5ఎక్స్ + 5

5ఎక్స్ + 3వై = 17

భిన్నాలు ఎక్కువగా ఉన్నప్పుడు నేను ఈ దారినే ఇష్టపడతాను. అంతరఖండం 17/3 అని రాయాల్సిన పనే రాలేదు, చూడండి.

8. పక్కన పెట్టిన మూడో బిందువును ఇప్పుడు వాడండి

మొదటి ఉదాహరణలో పక్కన పెట్టింది (2, 5).

(3/2) × 2 + 2 = 3 + 2 = 5. సరిపోయింది.

లెక్కకు వాడిన బిందువుతోనే సరిచూస్తే కూడికల తప్పులు మాత్రమే బయటపడతాయి, చదవడంలోని తప్పు బయటపడదు. తప్పుగా చదివిన బిందువు ఆ బిందువుతోనే కట్టిన సమీకరణంలో చక్కగా ఇమిడిపోతుంది. అందుకే లెక్కలోకి రాని బిందువు కావాలి.

మూడో బిందువు సరిపోకపోతే ఈ వరుసలో వెతకండి:

- మూడు బిందువులనూ గ్రాఫ్ మీద మళ్లీ చదవండి. మొదట రుణ గుర్తులు, తర్వాత గడి విలువ.
- వాలులో నిలువు మార్పు పైన, అడ్డ మార్పు కింద ఉన్నాయా?
- ప్రతిక్షేపించేటప్పుడు ఎక్స్ చోట ఎక్స్ విలువే పెట్టారా?
- చివరి గుణకారంలో ఏ పదమైనా తప్పిపోయిందా?

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో డెస్మోస్, జియోజీబ్రా వంటివి ఉంటే సమీకరణం టైప్ చేసి, వచ్చిన గీత మీ బిందువుల గుండా పోతోందో లేదో చూసుకోవచ్చు. అక్కడ కూడా చూడాల్సింది బిందువులనే, గీత వంపును కాదు. తెరను దగ్గరకో దూరానికో జరిపితే, అక్షాల స్కేలు మారితే గీత ఆకారం వేరుగా కనిపిస్తుంది.

9. రెండు అక్షాల స్కేలు వేరైతే

పరీక్షల్లో ఎక్కువమంది పడిపోయే చోటు ఇది.

ఒక గ్రాఫ్ తొట్టిలో నీళ్లు తగ్గడాన్ని చూపిస్తోంది. అడ్డంగా ఒక గడి 5 నిమిషాలు, నిలువుగా ఒక గడి 20 లీటర్లు. గీత నిలువు అక్షం మీద 200 దగ్గర మొదలై, 5 గడులు కుడికి వెళ్లేసరికి 5 గడులు కిందికి దిగింది.

గడులు లెక్కపెట్టేవాళ్లు వాలు −5/5 = −1 అంటారు. బొమ్మలో గీత కూడా అచ్చం అలాగే, మూలకు మూల దిగుతున్నట్టే కనిపిస్తుంది. కానీ 5 గడులు అడ్డంగా అంటే 25 నిమిషాలు, 5 గడులు నిలువుగా అంటే 100 లీటర్లు.

వాలు = −100 ÷ 25 = −4

వై = −4ఎక్స్ + 200

అర్థం కూడా చెప్పుకుంటే పట్టు దొరుకుతుంది: నిమిషానికి 4 లీటర్లు తగ్గుతున్నాయి, మొదట 200 లీటర్లున్నాయి. వై సున్నా అయ్యేది ఎక్స్ = 50 దగ్గర. గ్రాఫ్‌లో గీత అడ్డ అక్షాన్ని 50 దగ్గర, అంటే పదో గడి దగ్గర తాకుతోందో లేదో చూస్తే సరిచూడటం కూడా అయిపోతుంది.

ప్రమాణాలున్న గ్రాఫ్‌లో వాలుకూ ప్రమాణం ఉంటుంది. ఇక్కడ అది "నిమిషానికి లీటర్లు". నిలువు అక్షం ప్రమాణం ముందు, అడ్డ అక్షం ప్రమాణం తర్వాత. అది తలకిందులైతే మీరు భాగహారం తలకిందులుగా చేశారని అర్థం.

10. మామూలు దారిలో పోని గ్రాఫులు

*అక్షం సున్నా దగ్గర మొదలుకాకపోతే.* అడ్డ అక్షం 10 నుంచి మొదలైందనుకుందాం. గీత ఎడమ అంచును 50 దగ్గర తాకుతోంది, (30, 90) గుండా పోతోంది. 50ని అంతరఖండం అనుకోవద్దు. అది (10, 50) అనే మామూలు బిందువు. వాలు = 40 ÷ 20 = 2. 50 = 2 × 10 + అంతరఖండం, కాబట్టి అంతరఖండం 30. సమీకరణం వై = 2ఎక్స్ + 30. అంతరఖండం అంటే ఎక్స్ సున్నా అయిన చోట వై విలువ. కాగితం ఎడమ అంచు ఎక్కడుందన్నది దానికి సంబంధం లేని విషయం.

*అడ్డ గీత.* (−3, 4), (0, 4), (5, 4) గుండా పోతే వై ఎప్పుడూ 4. సమీకరణం వై = 4.

*నిలువు గీత.* (−2, 1), (−2, 6) గుండా పోతే అడ్డ మార్పు సున్నా, సున్నాతో భాగించలేం. ఎక్స్ ఎప్పుడూ −2 కాబట్టి సమీకరణం ఎక్స్ = −2. వాలు-అంతరఖండ రూపంలో దీన్ని రాయడం కుదరదు.

అడ్డ గీతకు ఎక్స్ = అని, నిలువు గీతకు వై = అని తారుమారు చేస్తుంటే, గీత మీద రెండు బిందువులు రాసుకుని వాటిలో మారని అంకె ఏదో చూడండి. మారనిదే సమీకరణంలోకి వస్తుంది.

*మూలబిందువు గుండా పోయే గీత.* అంతరఖండం సున్నా. ఇంకొక్క బిందువు చాలు. (4, 3) గుండా పోతే వై = (3/4)ఎక్స్.

*రెండు అక్షాలనూ గడి మూలల దగ్గర దాటే గీత.* అడ్డ అక్షాన్ని 6 దగ్గర, నిలువు అక్షాన్ని −4 దగ్గర దాటుతోందనుకోండి. అంతరఖండ రూపం వాడొచ్చు:

ఎక్స్/6 + వై/(−4) = 1

12తో గుణిస్తే 2ఎక్స్ − 3వై = 12. గీత మీదున్న (3, −2)ను పెడితే 6 + 6 = 12, సరిపోయింది. ఈ రూపం మూలబిందువు గుండా పోయే గీతకు పనికిరాదు, ఎందుకంటే హారాల్లో సున్నా వస్తుంది.

*రేఖాఖండం, విరిగిన గీత.* గీత రెండు చివరలా ఆగిపోతే సమీకరణంతో పాటు ఎక్స్ హద్దులు కూడా రాయాలి. మధ్యలో మలుపు తిరిగితే ప్రతి ముక్కకూ విడి సమీకరణం ఉంటుంది. (0, 0) నుంచి (4, 6) దాకా ఎక్కి, అక్కడి నుంచి (9, 6) దాకా అడ్డంగా పోతే: 0 నుంచి 4 దాకా వై = (3/2)ఎక్స్, 4 నుంచి 9 దాకా వై = 6. మలుపు బిందువు రెండింటిలోనూ సరిపోవాలి. (3/2) × 4 = 6, సరిపోయింది.

*ప్రయోగపు కొలతలు.* కొలతల చుక్కలు గీతకు అటూ ఇటూ ఉన్నప్పుడు బిందువులు గీత మీద నుంచే తీసుకోండి, కొలతల పట్టిక నుంచి కాదు. మనం సమీకరణం రాస్తున్నది గీతకు. ఏదైనా కొలత చుక్క సరిగ్గా గీత మీదే పడితే దాన్ని వాడుకోవచ్చు.

*ఇచ్చిన గీతకు లంబంగా ఇంకో గీత అడిగితే.* సమాంతర రేఖలకు ఒకే వాలు ఉంటుంది. లంబ రేఖల వాలులను గుణిస్తే −1 వస్తుంది (ఒకటి అడ్డంగా, ఇంకోటి నిలువుగా ఉన్న జంటకు తప్ప). మన మొదటి గీత వాలు 3/2 కాబట్టి దానికి లంబంగా ఉన్న గీత వాలు −2/3. అది (3, 1) గుండా పోతే వై = −(2/3)ఎక్స్ + 3. రెండు అక్షాల స్కేలు సమానమైతేనే బొమ్మలో ఈ లంబకోణం లంబకోణంలా కనిపిస్తుంది.

11. తప్పును బట్టి మందు

- వాలు 3/2కి బదులు 2/3 వచ్చింది. అడ్డ మార్పును పైన వేశారు. స్కేలు సమానంగా ఉంటే కంటితో పట్టుకోవచ్చు: గీత పక్కకు పోయేదానికంటే ఎక్కువ ఎక్కుతుంటే వాలు 1 కంటే ఎక్కువుండాలి.
- అంకె సరే, గుర్తు తప్పు. పైన ఒక బిందువు ముందు, కింద ఇంకో బిందువు ముందు పెట్టి తీసేశారు. లవంలో ఏ బిందువుతో మొదలుపెడితే హారంలోనూ దానితోనే మొదలుపెట్టాలి.
- అంతరఖండం అసలు పొంతన లేదు. అడ్డ అక్షాన్ని దాటిన అంకెను రాసి ఉంటారు. వాలు-అంతరఖండ రూపంలో కావాల్సింది నిలువు అక్షాన్ని దాటిన అంకె.
- ఒక బిందువు సరిపోతోంది, మిగతా రెండూ సరిపోవడం లేదు. వాలే తప్పు. ఆ ఒక్క బిందువుతోనే అంతరఖండం కట్టారు కాబట్టి అది సరిపోతోంది. 5వ భాగానికి వెనక్కి వెళ్లండి.
- ఏ బిందువూ సరిపోవడం లేదు, కానీ తేడా అన్నిచోట్లా ఒకటే. వాలు సరే, అంతరఖండం తప్పు. ఆ తేడా ఎంతో అంతే సవరించండి.

చివరి రెండూ బాగా ఉపయోగపడతాయి. తప్పు ఎక్కడుందో అవే చెప్పేస్తాయి కాబట్టి మొత్తం లెక్క కొట్టేసి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

12. సాధన

గ్రాఫ్ కాగితం మీద ముందు గీత గీయండి. తర్వాత బిందువులు చూడకుండా, మీరు గీసిన గ్రాఫ్ నుంచే మళ్లీ చదివి సమీకరణం రాయండి.

1. (−3, −5), (3, 7) గుండా పోయే గీత.
2. (−4, 5), (2, −4) గుండా పోయే గీత.
3. (2, 3), (7, 5) గుండా పోయే గీత. సాధారణ రూపంలో రాయాలి.
4. (5, −2), (5, 6) గుండా పోయే గీత.
5. అడ్డ అక్షాన్ని −3 దగ్గర, నిలువు అక్షాన్ని 6 దగ్గర దాటే గీత.
6. అడ్డంగా ఒక గడి 2, నిలువుగా ఒక గడి 50. గీత నిలువు అక్షం మీద 3 గడుల ఎత్తులో మొదలై, 4 గడులు కుడికి వెళ్లేసరికి మొత్తం 9 గడుల ఎత్తుకు చేరింది.

జవాబులు:

1. వై = 2ఎక్స్ + 1
2. వై = −(3/2)ఎక్స్ − 1
3. 2ఎక్స్ − 5వై + 11 = 0
4. ఎక్స్ = 5
5. వై = 2ఎక్స్ + 6
6. వై = 37.5ఎక్స్ + 150

మూడోదానిలో అంతరఖండం 11/5. గ్రాఫ్‌లో అది 2కి కాస్త పైన కనిపిస్తుంది. చూసి 2 అని రాసేసి ఉంటే 6వ భాగం మళ్లీ చదవండి. ఆరోదానికి 6/4 = 1.5 వాలు వచ్చి ఉంటే గడులను లెక్కపెట్టారు, విలువలను కాదు. 9వ భాగంలోని తొట్టి లెక్కను ఈసారి చేత్తో గీసి చూడండి.